ఎం.ఎస్.తో బతుకుతున్నప్పుడు భయాన్ని, అనిశ్చితిని ఎదుర్కోవడం ఎలా?

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) ఉన్నవాళ్లు ఒంట్లో ఉన్న ఇబ్బందికి చాలావరకు అలవాటు పడతారు. రేపు ఏమవుతుందోనన్న ఆలోచనకు మాత్రం అలవాటు పడటం కష్టం. ఒకే వయసులో జబ్బు మొదలై, ఒకే మందు వాడుతున్న ఇద్దరు పదేళ్ల తర్వాత పూర్తిగా వేర్వేరు పరిస్థితుల్లో ఉండొచ్చు. "నాకు ఎలా ఉంటుంది డాక్టర్?" అని అడిగితే "ఇప్పుడే చెప్పలేం" అంటారు. ఆ జవాబు నిజాయితీ అయినదే. కానీ దాన్ని పట్టుకుని ఇంటికి వచ్చి నిద్రపోవాల్సింది మీరు.

"ధైర్యంగా ఉండు" అన్న సలహా వల్ల ఇక్కడ పెద్ద ప్రయోజనం లేదు. ధైర్యం కావాలనుకున్నప్పుడల్లా రాదు. మనసు కుదురుగా ఉన్నప్పుడు కొన్ని నిర్ణయాలు చేసి, రాసి పెట్టుకోవచ్చు. భయం వచ్చిన గంటలో ఆ కాగితం చూసి నడుచుకోవచ్చు. ఈ మార్గదర్శి అంతా ఆ కాగితాన్ని తయారుచేసుకోవడం గురించే. అన్నీ ఒకే వారంలో చేయాలని చూడకండి. జబ్బు సంగతి ఈమధ్యే తెలిసినవాళ్లు ముందు మూడో అడుగు, ఐదో అడుగు చదవండి. మిగతావి నెల తర్వాతైనా ఫరవాలేదు.

మొదటి అడుగు: భయాన్ని ముక్కలు చేసి రాయండి

"నాకు భయంగా ఉంది" అన్న మాట దగ్గరే ఆగిపోతే దానితో ఏమీ చేయలేం. దేనికి భయం? ఒక నోట్‌బుక్ తీసుకుని, వచ్చినవి వచ్చినట్టు రాయండి. వీల్‌చెయిర్‌లో కూర్చోవాల్సి వస్తుందేమో. ఉద్యోగం పోతుందేమో. పిల్లలకు కూడా వస్తుందేమో. చూపు పోతుందేమో. నన్ను చూసుకోవడం ఇంట్లో వాళ్లకు భారమవుతుందేమో. వాడుతున్న మందే ఏదైనా చేస్తుందేమో. సిగ్గుపడే విషయాలు కూడా రాయండి. మూత్రం ఆపుకోలేకపోవడం, దాంపత్య జీవితం గురించిన దిగుళ్లు బయటికి చెప్పరు కాబట్టే లోపల పెరిగిపోతాయి.

రాశాక ఒక్కోదాని పక్కన ఒక గుర్తు పెట్టండి. సమాచారం తెలుసుకుంటే జవాబు దొరికేవి కొన్ని. జవాబు లేకపోయినా ముందుగా ఏర్పాటు చేసుకోగలిగినవి కొన్ని. ఎవరికీ జవాబు తెలియనివి మిగిలినవి. పిల్లలకు వస్తుందా అన్నది మొదటి రకం. ఉద్యోగం సంగతి రెండో రకం. "ఇరవై ఏళ్ల తర్వాత నేను ఎలా ఉంటాను" అన్నది మూడోది. మూడో రకం ప్రశ్నలు అనుకున్నన్ని ఉండవు. మొదటి రెండు రకాలూ దానిలో కలిసిపోయి అన్నీ జవాబు లేని ప్రశ్నల్లాగే కనిపిస్తాయి, అంతే. విడదీయడంతోనే సగం బరువు దిగిందని చాలామంది అంటారు.

రెండో అడుగు: జవాబు ఉన్న ప్రశ్నలకు జవాబు తెలుసుకోండి

ప్రపంచంలో సుమారు 29 లక్షల మందికి ఎం.ఎస్. ఉంది. రోగనిరోధక వ్యవస్థ మెదడు, వెన్నుపాము, కంటి నరాల్లో నరాల తీగలను కప్పి ఉండే మైలిన్ అనే పైపొర మీద దాడి చేయడం వల్ల ఇది వస్తుంది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మొదట్లో దాదాపు 85 శాతం మందిలో ఉండేది రిలాప్స్ (జబ్బు కొత్తగా దాడి చేసి లక్షణాలు రావడం) వచ్చి తగ్గే రకం. 10-15 శాతం మందిలో మొదటినుంచీ నెమ్మదిగా పెరిగే ప్రైమరీ ప్రోగ్రెసివ్ రకం ఉంటుంది. మీది ఏ రకమో డాక్టర్‌ని సూటిగా అడగండి. అది తెలియకుండా చదివిన ప్రతి వాక్యమూ మీ గురించే అనిపిస్తుంది.

అన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సింది పాత లెక్కల గురించి. జబ్బు మొదలైన పదిహేనేళ్లకు సగం మందికి నడవడానికి కర్ర కావాల్సి వస్తుందన్న మాట ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తుంది. అది సరైన మందులు లేని కాలంలో తీసిన లెక్క. జబ్బు సాగే తీరును మార్చే మొదటి మందు ఇంటర్‌ఫెరాన్ బీటా-1బికి అమెరికాలో అనుమతి వచ్చింది 1993లో. ఇప్పుడు అలాంటి మందులు ఇరవైకి పైగా ఉన్నాయి. 2017లో ఓక్రెలిజుమాబ్ వచ్చేదాకా ప్రైమరీ ప్రోగ్రెసివ్ రకానికి అనుమతి పొందిన మందే లేదు. మందులు వచ్చిన కాలంలో ఐదు వందల మందికి పైగా రోగులను అనుసరించి 2016లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో, జబ్బు మొదలై సగటున పదిహేడేళ్లు గడిచేసరికి నడకకు ఆసరా కావాల్సిన స్థితికి చేరినవాళ్లు సుమారు 11 శాతం. ఇది మీ భవిష్యత్తుకు హామీ కాదు. కానీ రాత్రిపూట మిమ్మల్ని భయపెట్టే అంకె ఏ కాలానిదో తెలుసుకోవడం అవసరం.

పిల్లల సంగతి: తల్లికో తండ్రికో ఎం.ఎస్. ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం వందలో రెండు మూడు. మామూలు జనంతో పోలిస్తే ఎక్కువే. అయినా వందలో తొంభై ఏడుగురికి రాదు.

చదివేటప్పుడు రెండు నియమాలు పెట్టుకోండి. రాత్రి తొమ్మిది దాటాక జబ్బు గురించి వెతకొద్దు. ప్రశ్న రాసుకోకుండా వెతకొద్దు. "ఈ మందు వేసుకుంటూ ఏ టీకాలు వేయించుకోవచ్చు?" అన్నది ప్రశ్న. "ఎం.ఎస్." అని టైప్ చేసి గంటసేపు కిందికి తోస్తూ పోవడంలో ప్రశ్న లేదు, కాబట్టి జవాబూ దొరకదు. ఇంకొకరి కథ చదివి దాన్ని మీ కథగా ఊహించుకోవడం ఈ జబ్బులో అన్నిటికంటే సులువుగా జరిగే పని.

మూడో అడుగు: కొత్త లక్షణం కనిపిస్తే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోండి

నాకు ఒక్క అడుగే చెప్పే అవకాశం ఉంటే ఇదే చెబుతాను.

పొద్దున లేచేసరికి కాలు తిమ్మిరిగా ఉంది. ఇది రిలాప్సా? కాలు మడిచి పడుకున్నందుకా? వేడికా? టెన్షన్ వల్లా? ఆ క్షణంలో సరిగ్గా ఆలోచించడం ఎవరివల్లా కాదు. అందుకే ఆలోచన ముందే అయిపోవాలి.

న్యూరాలజిస్టులు రిలాప్స్‌గా లెక్కించేదానికి కొన్ని గుర్తులున్నాయి. లక్షణం కొత్తది కావాలి, లేదా పాతది స్పష్టంగా ముదరాలి. కనీసం 24 గంటలు ఉండాలి. జ్వరం, ఇన్ఫెక్షన్ లేని సమయంలో రావాలి. ముందటి రిలాప్స్ మొదలై కనీసం 30 రోజులు గడిచి ఉండాలి. నిమిషాలపాటు వచ్చి పోయే జివ్వుమనడం, మెడ వంచినప్పుడు వెన్నులో కరెంటు పాకినట్టు అనిపించడం చాలావరకు మెదడు, వెన్నుపాములో పాత దాడులు మిగిల్చిన మచ్చల వల్లే. అవి ఉన్నంత మాత్రాన జబ్బు కొత్తగా దాడి చేస్తోందని కాదు.

సూడో రిలాప్స్ అనేది ఒకటి ఉంది. పేరులో ఉన్నట్టే అది అసలు రిలాప్స్ కాదు. పైపొర దెబ్బతిన్న నరం, ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా సంకేతాన్ని సరిగా పంపలేదు. విల్‌హెల్మ్ ఉత్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లో దీన్ని గుర్తించాడు: శ్రమపడ్డాక కొందరు ఎం.ఎస్. రోగుల చూపు మసకబారి, విశ్రాంతి తీసుకుంటే తిరిగి వచ్చేది. ఎండ, వేడినీటి స్నానం, జ్వరం, గట్టి వ్యాయామం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నిద్రలేమి ఇవన్నీ పాత లక్షణాలను మళ్లీ పైకి తెస్తాయి. కొత్త నష్టమేమీ జరగదు. కారణం తొలగితే లక్షణమూ పోతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ విషయంలో మాత్రం ప్రత్యేకంగా జాగ్రత్త పడండి. ఎం.ఎస్. ఉన్నవాళ్లలో మంట లేకుండానే ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. కాళ్లు బరువెక్కడమే దాని మొదటి గుర్తు కావొచ్చు.

దీన్నిబట్టి మీ కాగితం మీద వరసగా ఇవి రాసుకోండి. ఒకటి: లక్షణం మొదలైన సమయం రాయాలి. రెండు: జ్వరం చూసుకోవాలి. మూత్రం రంగు, వాసన మారిందేమో గమనించాలి. మూడు: చల్లని చోట కూర్చుని, చల్లటి నీళ్లు తాగి, గంటో రెండు గంటలో విశ్రాంతి తీసుకోవాలి. నాలుగు: మర్నాడు అదే సమయానికి లక్షణం ఇంకా ఉంటే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఐదు: ఆ మధ్యలో అరగంటకోసారి పరీక్ష చేసుకోకూడదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు.

అదే కాగితం మీద ఎర్ర సిరాతో ఆగకూడని వాటిని కూడా రాయండి. కంటిచూపు తగ్గడం, కంటిని తిప్పితే నొప్పి, కాళ్లలో బలం వేగంగా పడిపోవడం, మూత్రం రాకపోవడం, మింగడానికి కష్టం ఉంటే అదే రోజు డాక్టర్‌తో మాట్లాడాలి. మూతి ఒక్కసారిగా వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి పడిపోవడం, ఊపిరి ఆడకపోవడం లాంటివైతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఎం.ఎస్. ఉన్నవాళ్లకు పక్షవాతం, గుండెజబ్బు రావని ఏమీ లేదు. ప్రతిదాన్నీ ఎం.ఎస్. ఖాతాలో వేయడం కూడా ప్రమాదమే. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు వాడుతున్నవాళ్లు జ్వరం వస్తే 24 గంటలు ఆగాలా, వెంటనే చెప్పాలా అన్నది డాక్టర్‌ని అడిగి ముందే రాసుకోవాలి.

"ఒక రోజు ఆగితే నష్టం జరిగిపోదా?" అన్న దిగులు సహజం. రిలాప్స్‌కు సాధారణంగా ఇచ్చేది మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రోజుకు ఒక గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు. అది కోలుకోవడాన్ని వేగవంతం చేస్తుంది. చివరికి ఎంతవరకు కోలుకుంటామన్నదాన్ని అది పెద్దగా మార్చదు. అందుకే చిన్న తిమ్మిరికి డాక్టర్ అసలు స్టెరాయిడ్ ఇవ్వకపోవచ్చు కూడా. మిమ్మల్ని నిర్లక్ష్యం చేస్తున్నారని అనుకోవద్దు. స్టెరాయిడ్ తీసుకుంటే ఆ రోజుల్లో నిద్ర పట్టకపోవడం, చిరాకు, అకారణంగా ఏడుపు, లేనిపోని ఉత్సాహం రావొచ్చు. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి పెట్టండి. ఆ వారంలో పెద్ద నిర్ణయాలేవీ తీసుకోకండి.

ప్రోగ్రెసివ్ రకం ఉన్నవాళ్లకు ఈ 24 గంటల లెక్క అంతగా పనికిరాదు. వాళ్ల భయం దాడి గురించి ఉండదు, మెల్లగా జారిపోవడం గురించి ఉంటుంది. రోజువారీ పోలిక అక్కడ మనసుకు మంచిది కాదు, ఎందుకంటే నీరసాన్నిబట్టి రోజుకో రకంగా ఉంటుంది. క్లినిక్‌లో 25 అడుగులు నడవడానికి పట్టే సమయం, తొమ్మిది రంధ్రాల పలకలో పుల్లలు పెట్టడానికి పట్టే సమయం కొలుస్తారు. ఆరు నెలలకో ఏడాదికో ఆ అంకెలు అడిగి రాసుకోండి. మీ అనుమానం కంటే అవి నమ్మదగినవి.

నాలుగో అడుగు: ఒంటిని పదేపదే పరీక్షించుకోవడం తగ్గించండి

వేళ్లు ఆడించి చూసుకోవడం, ఒక కన్ను మూసి రెండో కంటితో గోడ మీద క్యాలెండర్ చదవడం, కళ్లు మూసుకుని నిలబడి తూలుతున్నానా అని చూడటం. ఎం.ఎస్. ఉన్నవాళ్లలో ఇవి చేయనివాళ్లు తక్కువ. చేసిన వెంటనే ఊరట వస్తుంది. పది నిమిషాలకు మళ్లీ అనుమానం వస్తుంది. పరీక్ష చేసుకున్నకొద్దీ "ఇక్కడేదో ప్రమాదం ఉంది" అని మెదడు నేర్చుకుంటుంది. ఎంత చిన్న తేడా అయినా దానికి పెద్దదిగా వినిపిస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆందోళనలో ఊపిరి వేగంగా తీస్తాం. దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ల చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది, తల తిరుగుతుంది. అచ్చం ఎం.ఎస్. లక్షణంలాగే ఉంటుంది. భయం తిమ్మిరిని తెస్తుంది, తిమ్మిరి భయాన్ని పెంచుతుంది. ఈ సంగతి తెలిస్తే ఆ చుట్టు ఒక్కోసారి మొదట్లోనే తెగిపోతుంది.

ఒక్కసారిగా మానేయమని చెప్పను, అది కుదరదు. రోజుకు ఒక సమయం పెట్టుకోండి. సాయంత్రం ఆరుకు అనుకుందాం. నడక, చూపు, చేతులు, నీరసం, నిద్ర ఒక్కోదానికి సున్నా నుంచి పది దాకా అంకె వేయండి, రెండు నిమిషాల్లో ముగించండి. మిగతా సమయంలో పరీక్షించుకోవాలనిపిస్తే "ఆరుకు చూద్దాం" అనుకోండి. కొన్ని వారాలయ్యాక వారానికి ఒకసారికి తగ్గించండి. ఈ నోట్స్ డాక్టర్ దగ్గర ఉపయోగపడుతుంది: "ఈమధ్య ఏమీ బాలేదు" అనడానికీ, "మూడు వారాలుగా నీరసం నాలుగు నుంచి ఏడుకు పెరిగింది" అనడానికీ చాలా తేడా ఉంది.

ఐదో అడుగు: భయం ముంచుకొచ్చిన గంటలో

అర్ధరాత్రి గుండె దడదడలాడుతున్నప్పుడు తర్కం పనిచేయదు. ముందు ఒంటిని నెమ్మదింపజేయాలి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ గాలి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలేది తీసుకునేదానికంటే పొడవుగా ఉండటమే ఇందులో కీలకం. ఐదు నిమిషాలు చేయండి. తర్వాత గదిలో కనిపిస్తున్న వస్తువుల పేర్లు మెల్లగా పైకి అనండి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి, మసక వెలుతురులో ఏదైనా తేలికైన పని చేసుకుని, నిద్ర ముంచుకొచ్చాక మళ్లీ పడుకోండి. ఫోన్ వేరే గదిలో ఉండాలి.

పగటిపూట దిగులుకు ఒక సమయం కేటాయించడం చాలామందికి పనికొస్తుంది. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, ఇరవై నిమిషాలు. మిగతా సమయంలో వచ్చిన దిగులును ఒక్క వాక్యంలో రాసి పక్కన పెట్టండి. ఆ వేళకు కూర్చుని ఒక్కోటీ చదవండి. చేయగల పని ఏదైనా ఉంటే ఏ రోజు చేస్తారో రాయండి. లేకపోతే "దీనికి జవాబు ఎవరి దగ్గరా లేదు" అని రాసి పేజీ తిప్పండి. వినడానికి మొక్కుబడిలా ఉంటుంది. అయితే దిగులు పడొద్దని మనసుకు చెప్పడం కంటే, తర్వాత పడదామని చెప్పడం తేలిక. సగం దిగుళ్లు ఆ వేళకు చల్లారి ఉంటాయి.

ఆరో అడుగు: ఎం.ఆర్.ఐ., మందుల నిర్ణయాలు

స్కాన్ తేదీ దగ్గరపడుతున్నకొద్దీ చిరాకు, నిద్రలేమి పెరగడం మామూలే. నిజానికి స్కాన్ కంటే దాని రిపోర్ట్ కోసం ఎదురుచూడటమే కష్టం. కాబట్టి స్కాన్ బుక్ చేసిన రోజే అడగండి: ఫలితం ఎప్పుడు వస్తుంది, ఎవరు చెబుతారు, ఫోన్‌లోనా, ఎదురుగానా? రిపోర్ట్ ముందే చేతికొస్తే విప్పి చదవాలా వద్దా అన్నది కూడా ముందే నిర్ణయించుకోండి. నా సలహా, ఒంటరిగా చదవొద్దు. రేడియాలజిస్ట్ డాక్టర్ కోసం రాసే భాష అది. "మల్టిపుల్ లీజన్స్" అన్న రెండు మాటలు ఒక రాత్రంతా పాడుచేయగలవు, అవి పాత మచ్చలే అయినా సరే.

కొత్త మచ్చ కనిపించినా అది వైకల్యమని కాదు. లక్షణాలేవీ ఇవ్వని మచ్చలు, లక్షణాలిచ్చే వాటికంటే చాలా ఎక్కువగా వస్తాయి. డాక్టర్ దాన్ని చూసి మందు మార్చాలా అని ఆలోచిస్తారు, స్కాన్ తీసేది అందుకే. యంత్రంలో ఇరుకుగా అనిపించి భయపడేవాళ్లు టెక్నీషియన్‌కి ముందే చెప్పండి. కళ్లకు గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లడం, చేతిలోని బెల్ నొక్కి ఎప్పుడైనా ఆపించుకోవచ్చని గుర్తుంచుకోవడం సాయపడతాయి.

మందు మొదలుపెట్టేటప్పుడు అనిశ్చితి ఇంకో రూపంలో ఎదురవుతుంది. జబ్బుకు భయపడాలా, మందుకు భయపడాలా? నటాలిజుమాబ్ అనే ఎం.ఎస్. మందును చూడండి. పి.ఎం.ఎల్. అనే తీవ్రమైన మెదడు ఇన్ఫెక్షన్ కేసులు రావడంతో 2005లో దాన్ని ఆపేశారు. 2006లో జాగ్రత్తలతో తిరిగి తెచ్చారు. ఇప్పుడు ఆ ఇన్ఫెక్షన్‌ను తెచ్చే జె.సి. వైరస్ యాంటీబాడీ రక్తపరీక్ష, మందు వాడిన కాలం, అంతకుముందు రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడారా అన్న మూడింటిని బట్టి ఎవరికి ముప్పు ఎంతో అంచనా వేస్తారు. యాంటీబాడీ లేనివాళ్లలో అది పదివేలలో ఒకరి కంటే తక్కువ. రెండేళ్లకు పైగా వాడి, యాంటీబాడీ ఎక్కువగా ఉన్నవాళ్లలో పరిస్థితి వేరు, అప్పుడు మందు మార్చే ఆలోచన చేస్తారు. ఏ మందైనా సరే, ఈ నాలుగూ అడగండి: నాలాంటివాళ్లలో ముప్పు ఎంత? దాన్ని ఏ పరీక్షతో, ఎన్నాళ్లకోసారి చూస్తారు? మందు వేసుకోకపోతే ముప్పు ఎంత? ఏం జరిగితే ఈ మందు ఆపేస్తాం? చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. దానికి జవాబు తెలిస్తే, ఇప్పుడు తీసుకుంటున్న నిర్ణయం మళ్లీ మార్చుకోలేనిదన్న భావన పోతుంది.

ఏడో అడుగు: జీవితాన్ని వాయిదా వేయకుండా ప్లాన్ చేసుకోవడం

"జబ్బు ఎటు తిరుగుతుందో చూశాక" పెళ్లి, "కుదుటపడ్డాక" చదువు అనుకుంటూ ఏళ్లు గడిపేయడం భయం చేసే పెద్ద నష్టం. పైకి అది జాగ్రత్తలా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ తప్పుపట్టరు.

దూరపు ప్లాన్లు కష్టమైతే ఆరు నెలలకు వేసుకోండి. ప్రతిదానికీ రెండో దారి పక్కనే రాయండి. ప్రయాణమైతే: ఎండ తక్కువున్న కాలంలో, మధ్యలో ఖాళీ రోజు ఉంచుకుని, డబ్బు వాపసు వచ్చే టికెట్‌తో. ఉద్యోగమైతే: నీరసం పెరిగితే ఇంటినుంచి చేయగల పని ఏది, ఇప్పటినుంచే నేర్చుకోగలిగింది ఏది? బీమా, పొదుపు, ముఖ్యమైన కాగితాల పని ఒంట్లో బాగున్నప్పుడే పూర్తి చేయండి. దాన్ని అపశకునంగా చూడకండి. ఆ ఫైలు బీరువాలో ఉందన్న సంగతే చాలా రాత్రుల నిద్రను కాపాడుతుంది.

పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందుగా డాక్టర్‌తో మాట్లాడాలి, ఎందుకంటే టెరిఫ్లునోమైడ్, ఫింగోలిమోడ్, క్లాడ్రిబిన్ లాంటివి గర్భంలో పనికిరావు. గర్భం వల్ల జబ్బు దీర్ఘకాలంలో ముదరదు. చివరి మూడు నెలల్లో రిలాప్స్‌లు తగ్గుతాయి, కాన్పు తర్వాతి మూడు నెలల్లో పెరుగుతాయి. ఆ మూడు నెలలకు సాయం ఎవరు చేస్తారన్నదే అసలు ప్లాన్.

ఎనిమిదో అడుగు: ఇంట్లో వాళ్లతో

మీ చుట్టూ ఉన్నవాళ్లకూ భయమే. కొందరు "ఏం కాదులే" అని మాట తుంచేస్తారు. కొందరు గ్లాసు కూడా ఎత్తనివ్వరు. ఇద్దరూ ప్రేమతోనే చేస్తారు, ఇద్దరి దగ్గరా మీరు ఒంటరి అవుతారు. ఏం కావాలో విడమర్చి చెప్పండి: "ఇప్పుడు నాకు సలహా వద్దు, పది నిమిషాలు విను చాలు." "నేను అడిగేదాకా సాయం చేయొద్దు, అడిగితే మాత్రం కాదనొద్దు." "ఎలా ఉంది అని రోజూ అడగొద్దు, మార్పు ఉంటే నేనే చెబుతాను." మూడో అడుగులో రాసిన కాగితం కాపీ వాళ్లకూ ఇవ్వండి. ఏం చేయాలో తెలిసినవాళ్లు తక్కువ కంగారు పడతారు.

చిన్నపిల్లలకు చెప్పకుండా దాచడం వల్ల మేలు జరగదు. వాళ్లు గమనిస్తారు, తెలియనిచోట ఊహతో నింపుకుంటారు, ఒక్కోసారి తప్పు తమదేననుకుంటారు. జబ్బు పేరు, అది అంటుకునేది కాదన్న సంగతి, వాళ్ల వల్ల రాలేదన్న సంగతి చెబితే మొదటికి సరిపోతుంది. ఆఫీసులో చెప్పాలా వద్దా అన్నది తొందరపడి తేల్చకండి. చెప్పిన మాట వెనక్కి తీసుకోలేం. చెబితే ఏం సౌకర్యం దొరుకుతుందో ముందు తెలుసుకోండి.

ఎం.ఎస్. ఉన్న ఇతరులను కలవడం మంచిదే. కానీ మొదటిసారి మీకంటే ఎక్కువ ఇబ్బందిలో ఉన్న మనిషిని చూసినప్పుడు గుండె జారుతుంది. అలా జరుగుతుందని తెలిసి వెళ్లండి. వాళ్లతో కాసేపు మాట్లాడితే, మీరు భయపడే ఆ స్థితిలో కూడా ఒక మనిషి వంట గురించీ పిల్లల మార్కుల గురించీ మాట్లాడుకుంటున్నాడని తెలుస్తుంది. ఊహలో ఉన్న వీల్‌చెయిర్‌లో ఎప్పుడూ మనిషి కనిపించడు.

తొమ్మిదో అడుగు: భయం దాటి డిప్రెషన్‌లోకి వెళ్తే

ఎం.ఎస్. ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వస్తుంది. జబ్బు తెచ్చిన బాధ ఒక్కటే దీనికి కారణం కాదు. మెదడులో వచ్చే వాపు (ఇన్‌ఫ్లమేషన్), మచ్చలు కూడా నేరుగా మనసు స్థితిని మారుస్తాయి. అంటే ఇది మీ బలహీనత కాదు, జబ్బు లక్షణాల్లో ఒకటి, తిమ్మిరిలాగే డాక్టర్‌కి చెప్పాల్సినది. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి చెదిరిపోవడం, నేనెందుకూ పనికిరానన్న భావన ఉంటే న్యూరాలజిస్ట్‌కి చెప్పండి. నీరసం అనుకుని వదిలేసిన చాలా కేసుల్లో అది డిప్రెషన్. బాధ లేకుండానే ఆపుకోలేని ఏడుపు, సందర్భం లేని నవ్వు వస్తుంటే అది వేరే సమస్య, సూడోబల్బర్ అఫెక్ట్ అంటారు. దానికీ మందు ఉంది.

చికిత్సల్లో కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) మంచి ఆధారాలున్నాయి. పైన చెప్పిన దిగులు వేళ, పరీక్షించుకోవడం తగ్గించడం అందులోవే. మైండ్‌ఫుల్‌నెస్ (మనసును ఈ క్షణం మీద నిలిపే సాధన) శిక్షణ గురించి 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో 150 మంది ఎం.ఎస్. రోగులను రెండు గుంపులు చేశారు. ఎనిమిది వారాల శిక్షణ తీసుకున్న గుంపులో డిప్రెషన్, నీరసం తగ్గాయి, ఆ లాభం ఆరు నెలల తర్వాత కూడా చాలావరకు నిలిచింది. అవసరమైతే మాత్రలు కూడా వాడొచ్చు, ఎం.ఎస్. మందులతో కలిపి ఏవి సరిపోతాయో డాక్టర్ చూస్తారు. వ్యాయామం చేస్తే రిలాప్స్ వస్తుందన్న పాత భయాన్ని వదిలేయండి. నడక, ఈత, ఒంటికి తగిన కసరత్తు మనసుకూ మేలు చేస్తాయి. సిగరెట్ జబ్బును వేగంగా ముదిరేలా చేస్తుంది. మీ చేతిలో ఉన్నవాటిలో అది మానడం అతి పెద్దది.

చనిపోవాలన్న ఆలోచన వస్తే, అది ఎంత చిన్నగా అనిపించినా, అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఆ రోజే ఒక మనిషికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి, ఎమర్జెన్సీకి గానీ ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కి గానీ ఫోన్ చేయండి. ఎవరికి ఫోన్ చేస్తారో ఆ ఇద్దరి పేర్లు, నంబర్లు బాగున్న రోజునే మూడో అడుగు కాగితం వెనకవైపు రాసి పెట్టుకోండి.

ఆ కాగితాన్ని ఎప్పుడు తిరగరాయాలి?

ఆరు నెలలకోసారి, మందు మారినప్పుడు, ప్రతి రిలాప్స్ తర్వాత. రిలాప్స్ అయ్యాక మొదటి కొన్ని వారాలు నేర్చుకున్నదంతా పోయినట్టు ఉంటుంది. పరీక్షించుకోవడం మళ్లీ మొదలవుతుంది, రాత్రులు మళ్లీ పొడవవుతాయి. అప్పుడు కొత్తవేమీ మొదలుపెట్టకండి. నాలుగో అడుగులోని రోజుకొక్కసారి నోట్స్, ఐదో అడుగులోని ఊపిరి, ఈ రెండే చేయండి. రిలాప్స్ నుంచి కోలుకోవడం వారాల నుంచి నెలల దాకా సాగుతుంది, కొందరిలో ఏడాది వరకూ మెరుగుదల కనిపిస్తుంది. రెండో వారంలో ఉన్న స్థితిని చూసి ఇక ఇంతే అని తేల్చుకోకండి. కుదురు వచ్చాక కూర్చుని, ఈసారి కాగితంలో ఏది పనిచేసింది, ఏది చేయలేదో చూసి మార్చుకోండి. ఫోన్ ఎత్తని నంబర్ ఉంటే తీసేసి ఎత్తే నంబర్ రాయండి. మొదటి అడుగులోని భయాల జాబితాను కూడా మరోసారి తిరగేయండి. కొన్నిటిని కొట్టేయాల్సి రావొచ్చు, కొన్నిటిని ఒక రకం నుంచి ఇంకో రకంలోకి మార్చాల్సి రావొచ్చు.